సన్నజాజి అంటు

పండుగనాడు ఆత్మీయులకు కానుకలిచ్చుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. సంక్రాంతికి కూతురికిని అల్లునికిని క్రొత్తబట్టలు పెట్టుదురు. అట్లతద్దికి ముత్తైదువులకు వాయనములిత్తురు. దీపావళి అమావాస్య గడచిన రెండవనాడు, అనగా కార్తిక శుద్ధ విదియనాడు, సోదరుడు సోదరి యింటికి పోయి, ఆమె చేతివంట భుజించి, తనకు తోచిన కానుక నిచ్చి వచ్చును. దీనికి భగినీ హస్త భోజనమని పేరు. యముడు తన సోదరియగు యమున యింట నాడు విందారగించెనని పురాణకథ. అందుచేత ఆ తిథిని యమద్వితీయ యనియు పిలుతురు.

తనకు తోచిన కానుక అని చెప్పుట సులభమే. కాని ఆ తోచుటయే కొందరికి కష్టము. కానుకల విషయమున లోకము కొన్ని నియమములను పాటించుచున్నది. అవి యెక్కడను వ్రాసియుండవు. కానుక మరీ చౌకదై యుండరాదు. పుచ్చుకొనువారు మొగమాటపడునంత ఖరీదైనదియు కారాదు. ఏమి కావలెనో అడిగినచో సొగసు చెడును, అడుగకయే తెలిసికొనవలెను. "ఇప్పుడివన్నియు ఎందుకు?" అని యెదుటివారన్నచో దానికి వద్దని యర్థము కాదు. 1925వ సంవత్సరమున ఫ్రెంచి పండితుడు మార్సెల్ మౌస్ కానుకలనుగూర్చి ఒక ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించెను. స్వేచ్ఛగా ఇచ్చినట్లు కనిపించు కానుక వెనుక ఇయ్యవలెను, పుచ్చుకొనవలెను, మరల ఇయ్యవలెను అను మూడు బాధ్యతలుండునని ఆయన చూపెను. పెక్కుమంది ఈ నియమములను మాతృభాషవలె ఎవరును నేర్పకయే నేర్చుకొందురు. ఎవరైన విడమరచి చెప్పిననే గాని అవి తెలియనివారును కలరు.

అట్టివారు తెలివి తక్కువవారు కారు. వారి మనస్సు నడచు త్రోవ వేరు. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి ఆటిజమును వర్ణించెను. చిరకాలము జనులు దానిని పిల్లలకు సంబంధించిన విషయముగానే తలచిరి. ఆ పిల్లలు పెరిగి పెద్దవారగుదురనియు, ఆ స్వభావము వారితోనే యుండుననియు ఆలోచించినవారు తక్కువ. 1990 తరువాతి దశకమున అట్టి పెద్దలే తమ యనుభవములను తాము చెప్పుకొనసాగిరి. మానవుల మెదళ్లు పలువిధములుగా పనిచేయుననియు, ఆ భేదము మానవజాతికి సహజమేననియు వారు వాదించిరి. దానికే న్యూరోడైవర్సిటీ, అనగా నాడీవైవిధ్యము, అను పేరు వచ్చినది. ఆటిజము, ఏడీహెచ్‌డీ, డిస్‌లెక్సియా మొదలైనవి ఈ కోవలోనివి. మన దేశమున 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజమునకు చోటు లేదు. 2016 నాటి చట్టములో దానిని చేర్చిరి. కావున ముప్పది, నలువది యేండ్లు నిండిన తరువాత తమ స్వభావమునకు పేరు తెలిసికొనినవారు నేడు కలరు.

అట్టివారిలో ఒకడు కోనసీమకు చెందిన యువకుడు. ఆతడు రాజమహేంద్రవరమున ఒక కార్యాలయములో లెక్కలు చూచుచుండును. పది పుటల లెక్కలో ఒక్క రూపాయి తేడా యున్నను ఆతని కంట పడకపోదు. కాని యెదుటివారి మొగము చూచి మనస్సు తెలిసికొనుట ఆతనికి చేతకాదు. ఎవరైన "బాగున్నది" అన్నచో బాగున్నదనియే నమ్మును. నలుగురు ఒక్కసారిగా మాటలాడినచో ఒక్కరి మాటయు ఆతనికి తెలియదు. ముప్పదియొకటవ యేట ఒక వైద్యుడు ఆతనిని పరీక్షించి, ఇది ఆటిజమని చెప్పెను. ఆ మాట విని ఆతడు విచారపడలేదు. చాలకాలము పొసగని లెక్కలో తేడా యెచ్చట నున్నదో తెలిసినపుడు కలుగు నెమ్మది వంటిది ఆతనికి కలిగెను.

ఆతనికి ఒక అక్క కలదు. ఆమె భర్తతోను పిల్లలతోను హైదరాబాదున నాలుగవ యంతస్తులో కాపురముండును. భగినీ హస్త భోజనమునకు తమ్ముడు రావలెనని ఆమెకు మిక్కిలి ముచ్చట. ఆతడు వైద్యుని చూచుటకు ముందు మూడేండ్లలో ఈ ముచ్చటయే వారిరువురికిని కష్టము తెచ్చెను.

మొదటి యేడు ఆతడు చీర కొనుటకై ఒక పెద్ద బట్టలకొట్టునకు పోయెను. లోపల పండుగ రద్దీ. తలపై వందలకొలది దీపములు. ఒక మూల పాట, మరియొక మూల ప్రకటనలు, నడుమ బేరములు, అన్నిటిని మించి క్రొత్తబట్టల గంజివాసన. కొట్టులోని గుమాస్తా చీర వెంబడి చీర విప్పి పరచుచు, "ఏ రంగండీ? ఎంతలోనండీ? అంచు పెద్దదా, చిన్నదా?" అని ప్రశ్నలు కురిపించెను. ఇరువదవ చీర వచ్చునప్పటికి యువకుని చెవులలో హోరు పుట్టెను; కన్నులకు రంగులన్నియు ఒక్కటిగా కనబడెను. అప్పుడు చేతికందిన చీరను కొని ఆతడు బయటపడెను. అక్క దానిని చూచి "బాగున్నదిరా" అనెను. అట్టి రంగు చీరలు ఆమెకు అదివరకే రెండుండెను. ఆమె దానిని తోడికోడలికి ఇచ్చివేసినదని కొన్ని నెలలకు తెలిసెను.

రెండవ యేడు, నచ్చినది ఆమెయే కొనుక్కొనుట న్యాయమని తలచి, ఆతడు కవరులో రూపాయలు పెట్టి యిచ్చెను. ఆతని లెక్కలో అది తప్పులేని పద్ధతి. కాని అక్క కన్నులు చెమర్చెను. "నాకొరకు ఒక్క గంట వెచ్చించుట నీకు బరువైనదా తమ్ముడూ?" అని ఆమె యడిగెను. ఏమి యివ్వవలెనో తోచక ఆతడు వారము దినములు నిద్రలేక యుండెనని ఆమెకు తెలియదు. ఆ సంగతి చెప్పవలెనని ఆతనికి తోచలేదు. మూడవ యేడు ఆతడు పోనేలేదు. ఆ దినమున ఆతనికొరకు వేసిన అరటియాకు మధ్యాహ్నము మూడుగంటలవరకు తీయక అట్లే యుంచినదని తల్లి చెప్పగా వినెను. ఆపైన అక్కాతమ్ములు చాలకాలము ముక్తసరిగా మాత్రమే మాటలాడుకొనిరి.

ప్రేమ లేక జరిగినది కాదిది. చిన్ననాట అంతర్వేది తీర్థమునకు పోయినపుడెల్ల ఆతడు సముద్రపుటొడ్డున గంటలకొలది వెదకి, మచ్చలేని తెల్లని గుల్లలను ఏరి తెచ్చి అక్క చేతిలో పోసెడివాడు. ఆమె వానిని అగ్గిపెట్టెలలో దాచుకొనెడిది. దక్షిణ ధ్రువ ప్రాంతమున అడీలీ జాతి పెంగ్విన్ పక్షులు గులకరాళ్లతో గూడు కట్టును. ఆ కాలమున మగపక్షి రాళ్లను ఏరి, ముక్కున కరచి తెచ్చి గూటిలో పెట్టును. ఆటిజముగలవారు నేడు తమలో తాము మాటలాడుకొనునపుడు, ఆప్తులకిచ్చు ఇట్టి చిన్న వస్తువును పెంగ్విన్ గులకరాయి యని ముద్దుగా పిలుచుకొందురు. దాని వెల సున్న. "ఇది చూచినపుడు నీవు జ్ఞప్తికి వచ్చితివి" అను మాటయే అందలి విలువ. యువకునికి కానుక నిచ్చుట చిన్ననాడే తెలియును. పెద్దలు కొట్లలో జరుపు తంతు మాత్రమే ఆతనికి తెలియదు.

వైద్యుని మాట విన్న పిమ్మట ఆతడొక నిశ్చయమునకు వచ్చెను. చేతకాని త్రోవన కాక, చేతనైన త్రోవన కానుకను వెదకవలెను. మొగములు చదువుట చేతకాదు. మాటలు గుర్తుంచుకొనుట చేతనగును. రద్దీలో నిర్ణయించుట చేతకాదు. నిదానముగా పద్దు వ్రాయుట చేతనగును. కావున ఆతడొక చిన్న నోటుపుస్తకము కొని, యింటివారికి తలకొక పుట కేటాయించెను. పండుగకు ముందు తొందరపడుటకు మారుగా, సంవత్సరము పొడవునను వారు యథాలాపముగా అన్న మాటలను తేదీలతో వ్రాయసాగెను. నాయనగారి పుటలో, చదువుకొనునపుడు తన నీడయే పుస్తకముపై పడుచున్నదని ఆయన విసుగుకొనిన సంగతి యెక్కెను. అమ్మ పుటలో, అందరకు ఇచ్చి కూర్చుండునప్పటికి ఆమె కాఫీ చల్లారిపోయినదనియు, ఆ వారములో అది నాలుగవసారి యనియు ఎక్కెను. సంక్రాంతినాడు తండ్రికి మెడ వంచుటకు వీలైన బల్లదీపము వచ్చెను. తల్లికి మూతగల చిన్న ఫ్లాస్కు వచ్చెను. రెండును ఖరీదైనవి కావు. కాని తల్లి ఆ ఫ్లాస్కును చేతబట్టుకొని, "నా కాఫీ సంగతి నీవు చూచితివిరా?" అని, చాలసేపటివరకు మరి మాటలాడలేదు.

అక్క పుటలో వైశాఖమాసమున ఒక మాట పడెను. ఫోనులో మాటలాడుచు ఆమె, "ఇక్కడ సాయంకాలమునకు వాసన లేదురా" అనెను. ఆతడు దానిని వ్రాసికొని మూడు దినములు ఆలోచించెను. పుట్టింటి నూతివద్ద సన్నజాజి తీగ కలదు. ప్రొద్దు గ్రుంకునప్పటికి పూలు విచ్చి వాకిలియంతయు పరిమళించును. పెండ్లికి ముందు అక్క ప్రతి సాయంకాలము అచ్చటనే కూర్చుండి మాల కట్టెడిది. అయినను ఊహనే నమ్మక ఆతడు మరల ఫోను చేసి సూటిగా అడిగెను. "ఏ వాసన లేదంటివి?" ఆమె నవ్వి, "నూతివద్ద జాజిదిరా" అనెను. "మీ వరండా ఏ దిక్కున నున్నది? ఎన్నిగంటలు ఎండ పడును?" ఈ ప్రశ్న ఆమెకు వింతగా తోచెను. తూర్పున నున్నదనియు, పదకొండు గంటలవరకు ఎండ యుండుననియు మాత్రము చెప్పెను.

ఆషాఢమున వానలు పడగానే ఆతడు సెలవుపెట్టి యింటికి పోయి, ముదురు తీగ నొకదానిని నేలకు వంచి, కణుపువద్ద మన్ను కప్పి, పైన బరువుగా రాయి పెట్టెను. దీనినే అంటు త్రొక్కుట యందురు. తీగ తల్లిమొక్కను విడువకయే క్రొత్త వేరు పెట్టుకొనును. తడి యారకుండ చూచినచో మూడు నాలుగు నెలలలో వేరు పట్టును. అందాక తొందరపడి కోయరాదు. తొందర యెరుగని యీ పని ఆతనికి సరిపోయెను. వారమువారమును తల్లికి ఫోను చేసి తడి సంగతి అడుగుచుండెను. ఆశ్వయుజమాసమున అంటును వేరుచేసి కుండీలో నాటెను.

దీపావళి వెళ్లిన మరునాటి రాత్రి ఆతడు కుండీని ఒడిలో పెట్టుకొని హైదరాబాదు బస్సెక్కెను. తెల్లవారి అక్క వాకిట నిలిచి, కుండీని ఆమె చేతికిచ్చి, "నూతివద్ద జాజి. వైశాఖమున నీవడిగినది" అనెను. ఆమె యీసారి "బాగున్నది" అనలేదు. ఆకులను తాకి చూచి, "ఎన్నాళ్లనుండి పెంచుచున్నావురా?" అని యడిగెను. "అంటు త్రొక్కి నేటికి నూటపదునాలుగు దినములు" అని ఆతడు చెప్పెను. ఒక్క గంట వెచ్చించుట బరువైనదా అని తానొకనాడు అడిగిన మాట ఆమెకు జ్ఞప్తికి వచ్చియుండును. ఆమె మారు పలుకక లోనికి పోయి అరటియాకు వేసెను.

కానుక పుచ్చుకొనుటయు కొందరికి సులభము కాదు. 1947లో అమెరికాలో జన్మించిన టెంపుల్ గ్రాండిన్ ఆటిజము గలది. పశుశాస్త్రమున పేరెన్నికగన్న ఆచార్యురాలు. చిన్ననాడు తొడిగిన గరుకు లోపావడాలు తన చర్మమును గరుకుకాగితముతో రాచినట్లుండెడివని ఆమె వ్రాసినది. యువకునికిని గంజిబట్ట అట్టి బాధయే కలిగించును. ఏటేట అక్క పెట్టు క్రొత్త చొక్కాను ఆతడు ఒక గంటలో విప్పివేయుట చూచి ఆమె నొచ్చుకొనెడిది. తమ్ముని సంగతి తల్లివలన తెలిసికొనిన పిమ్మట ఆమె మెత్తని నూలుచొక్కా నొకదానిని తెచ్చి, నాలుగుసార్లు ఉతికి, మెడవద్ద కుట్టిన పేరుచీటీని జాగ్రత్తగా కత్తిరించి యుంచెను. తటాలున కానుక విప్పి అందరి యెదుట సంతోషము కనబరచుట ఆతనికి కష్టమని యెరిగి, అది చొక్కాయే యని ముందే ఫోనులో చెప్పెను. ఆతడు దానిని తొడుగుకొని సాయంకాలమువరకు విప్పలేదు. ఆమెకు అంతకు మించిన మెప్పు అక్కరలేకపోయెను.

ఆతని పద్ధతి అందరకు సరిపడునని కాదు. ఏడీహెచ్‌డీ గలవారు కొందరు కానుకను ముందే కొని, దాచినచోటు మరచిపోవుదురు. లేదా పండుగ ముంగిటికి వచ్చువరకు ఆ పనియే జ్ఞప్తికి రాదు. అట్టివారికి గోడమీది క్యాలెండరులో నెలముందే గుర్తు పెట్టుకొనుటయు, కానుకలన్నిటిని ఒక్క పెట్టెలోనే యుంచుటయు మేలు. రద్దీకి తాళలేనివారు పండుగ దినములలో కాక, మామూలు రోజున కొట్టు తెరవగానే పోవచ్చును. వస్తువునకు మారుగా ఒక పూట పనియు కానుకయే. ఒకరికి పాత ఫోటోలను వరుసగా అంటించి యిచ్చుట, మరియొకరికి మూలబడిన గడియారమును బాగుచేసి యిచ్చుట ఇట్టివి. ఏటేట ఒకే వస్తువు నిచ్చినను తప్పులేదు. పుచ్చుకొనువారు దానికొరకే యెదురుచూడవచ్చును.

ఆ కుటుంబమున నేడొక క్రొత్త ఆచారము ఏర్పడినది. దసరా వెళ్లగానే అందరును తమకు కావలసినవి మూడేసి వ్రాసి యొకరికొకరు పంపుకొందురు. ముందుగా తెలియరాదని కోరువారు ఆ మాటయు వ్రాయవచ్చును. అడిగి యిచ్చిన కానుకలో సొగసుండదని బావగారు మొదట నవ్వెను. రెండేండ్లు తిరుగునప్పటికి అందరికంటె ముందు ఆయన చీటీయే వచ్చుచున్నది. అక్క మాత్రము చీటీలో రెండే వ్రాసి, మూడవదానిని తమ్ముని నోటుపుస్తకమునకు విడిచిపెట్టును.