సింగపూర్ వస్తే ముందు నీళ్లు చూడండి

చిత్తూరు నుంచి ఎవరొచ్చినా సింగపూర్‌లో నేను ముందుగా చూపించేది నీళ్లనే. మెర్లయన్ బొమ్మ, మెరీనా బే శాండ్స్ మేడలు ఎలాగూ కనిపిస్తాయి, ఫోటోలు ఎలాగూ దిగుతారు. వెయ్యి అడుగులు బోరు దించినా తడి తగలని ఊళ్లవాళ్లకు ఇక్కడి అసలు వింత వేరే. చెప్పుకోదగ్గ పెద్ద నది లేని ఈ ద్వీపం వాననీటిని కూడబెట్టుకుని తాగుతోంది. మొన్న అమ్మానాన్నలు వచ్చినప్పుడూ ఆ వరసలోనే తిప్పాను.

మొదలు విమానాశ్రయంలోనే. చాంగీలో 2019లో తెరిచిన జ్యూయెల్‌లో అద్దాల కప్పు నడిమి నుంచి 40 మీటర్ల ఎత్తున నీళ్లు దూకుతుంటాయి. "మన తలకోన దీనికి రెండింతలుంటుంది" అన్నాడు నాన్న. నిజమే, తలకోన 270 అడుగులు. ఇక్కడ దూకేది పట్టి ఉంచిన వాననీరని చెప్పగానే మాత్రం ట్రాలీ నాకు వదిలేసి అంచు దాకా వెళ్లి నిలబడ్డాడు.

రైలెక్కాక అమ్మ హుషారు చూడాలి. తమిళం ఈ దేశపు నాలుగు అధికార భాషల్లో ఒకటి, స్టేషన్ల బోర్డుల మీద కూడా ఉంటుంది. అమ్మ పుట్టిల్లు తిరుత్తణి. 1960లో ఆ ఊరు మద్రాసు రాష్ట్రంలో కలిసినా మా ఇళ్లల్లో రెండు భాషలూ కలిసే పెరిగాయి. టెక్కా మార్కెట్‌లో మునక్కాయల ముందు నిలబడి "ఎవ్వళవు తంబీ?" అని మొదలుపెట్టి, కరివేపాకు కొసరు వేయించుకున్నాకే కదిలింది. సెరంగూన్ రోడ్డులో 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్తే, తిరుపతి పక్క నుంచి వచ్చామని తెలిసి పూజారి "కొండ మీద రద్దీ ఎట్లుంది?" అని అడిగారు.

సాయంత్రం మెరీనా బరాజ్‌కు వెళ్లాం. నగరం నీళ్లు సముద్రంలో కలిసే చోట, 350 మీటర్ల వెడల్పు పాయకు అడ్డంగా 2008లో కట్టారు. తొమ్మిది ఉక్కు గేట్లు. ఒక పక్క ఉప్పునీళ్లు, ఇంకో పక్క నగరం నడిబొడ్డున మంచినీళ్ల చెరువు. దేశంలో ఆరో వంతు నేల మీద పడిన వాన ఇక్కడికే చేరుతుంది. నాన్న ఒక్కో గేటు దగ్గరా ఆగి వంగి చూశాడు.

"ఇది మరవ కదరా! చెరువు నిండితే ఇట్ల పోతాయి. మరి ఆ పొద్దు సముద్రం పోటు మీదుంటే?"

చెరువు కింద సేద్యం చేసిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. పోటు తగ్గి ఉంటే గేట్లు దించి నీళ్లు వదులుతారు. పోటు మీదుంటే గేట్లు మూసి, ఏడు పెద్ద పంపులతో సముద్రంలోకి తోడి పోస్తారు. మొదట్లో లోపలున్న ఉప్పును రెండేళ్ల వానలే కడిగేశాయని చెప్తే నాన్న ముఖం వెలిగిపోయింది. బరాజ్ కప్పంతా పచ్చిక. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటే అమ్మ మురుకుల పొట్లం విప్పింది.

1962 నాటి ఒప్పందం ప్రకారం సింగపూర్ ఇప్పటికీ పక్కనున్న జొహోర్ నుంచి నీళ్లు కొంటోంది. ఆ అవసరమే దీనికి పొదుపు నేర్పింది. ఇక్కడ 17 జలాశయాలున్నాయి. 2003 నుంచి వాడిన నీటిని కూడా శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటున్నారు. ఇక్కడ ఏటా రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన. మన జిల్లాలో అందులో సగం కూడా పడదు. కాబట్టి చుక్క విలువ మనకే ఎక్కువ తెలియాలి. మన పెద్దలకు తెలుసు. ఒక చెరువు మరవ పారితే కింది చెరువు నిండేట్టు గొలుసుకట్టుగా తవ్వించారు. ఆ చెరువులకు నీళ్లు తెచ్చే వంకలు కొన్నిచోట్ల పూడిపోయాయి, కొన్నిచోట్ల ఇళ్ల ప్లాట్లయ్యాయి. సింగపూర్‌లో డబ్బుంది, యంత్రాలున్నాయి. వాటన్నిటి కింద ఉన్నది మాత్రం మనకు పాతగా తెలిసిన పనే: వాన పడిన చోటి నుంచి నీళ్లు నిలిచే చోటి దాకా దారి మూసుకుపోనివ్వకపోవడం.

అందుకే వచ్చే మనవాళ్లకు నా మాట. ముస్తఫాలో షాపింగు ఒక పూట తగ్గించుకుని బరాజ్ ఎక్కండి. టికెట్టు లేదు. పిల్లలను తప్పకుండా తీసుకురండి. తిరిగి ఊరెళ్లాక, మీ చెరువుకు నీళ్లొచ్చే వంక ఎక్కడ మొదలవుతుందో వాళ్లను వెంటబెట్టుకుని నడిచి చూపించండి.