సాలిస్‌బరీలో నేర్చుకున్న పాఠము

మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఇంగ్లండులో ఉన్నందున, దేవుని కృపను బట్టి ఒక ఆగస్టు నెలలో మేమిద్దరమూ అక్కడికి వెళ్ళగలిగాము. ఏమి చూడాలని వాడు అడిగితే సాలిస్‌బరీ అన్నాము. కారణము మా సంఘపు బాధే. మా గుడిలో పాత కీర్తనలు పాడే పెద్దలకూ, కీబోర్డుతో కొత్త పాటలు పాడే యౌవనస్థులకూ పొసగక రెండు జట్లయ్యారు. ఒకరు పాడుతుంటే మరొకరు పెదవి కదపరు.

సాలిస్‌బరీ చిన్న పట్టణము. దాని దేవాలయ శిఖరము చాలా దూరమునుండే కనిపిస్తుంది. ఎత్తు 123 మీటర్లు. ఆ దేశములో ఇంతకన్న ఎత్తయిన గుడి శిఖరము లేదు. 1220లో పని ఆరంభించి 1258లో ప్రతిష్ఠించారట. శిఖరము ఆ తరువాత కట్టినది. చుట్టూ పచ్చిక, పెద్ద చెట్లు.

మేము వెళ్ళినది కట్టడము కోసమే కాదు. సిడ్నీ నికల్సన్ అనే ఆయన లండనులో వెస్ట్‌మినిస్టర్ ఆబే ఆర్గనిస్టుగా ఉండి, మామూలు సంఘాలలో పాట బాగుపడాలని 1927లో ఒక సంస్థ స్థాపించారు. ఆ పేరున్న ఉద్యోగము వదిలి ఈ పనికే పూనుకున్నారు. అదే తరువాత రాయల్ స్కూల్ ఆఫ్ చర్చ్ మ్యూజిక్ అయింది. పలుచోట్లు మారి 2006లో సాలిస్‌బరీకి వచ్చింది. గాయకులు కొద్దిరోజులు ఒకేచోట బసచేసి, కలిసి భోంచేసి, సాధన చేసి, దేవాలయములో పాడే తరగతులు ఆ సంస్థ నడిపే పనులలో ముఖ్యమైనవి.

ఆగస్టులో దేవాలయపు సొంత గాయకులకు సెలవులు. బయటి బృందాలు వచ్చి పాడతాయి. సాయంకాల ఆరాధనకు మేమూ కూర్చున్నాము. గాయకులు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలిచారు. దావీదు కీర్తనను ఒక వచనము ఈ వరుస, తరువాతి వచనము ఆ వరుస పాడారు. తలనెరిసినవారి పక్కనే బడిపిల్లలు! ఒక వరుస పాడుతుంటే రెండవ వరుస శ్రద్ధగా వింటున్నది. రెండు జట్లు ఎదురెదురుగా నిలిచి కూడా ఒకే ఆరాధన చేయవచ్చునని మాకు అప్పుడు తోచింది.

ఆరాధన అయ్యాక వారిలో ఒక పెద్దాయనను పలకరించాము. ఉదయము గొంతు సాధన, ఆపైన ఎవరి స్వరము వారు విడిగా నేర్చుకోవడము, మధ్యాహ్నము అందరూ కలిసి పాడడము తమ దినచర్య అన్నారు. "అంత పొడుగు స్వరము ఊపిరి తీయకుండా ఎలా పాడతారండీ?" అని అడిగాము. ఆయన నవ్వి, "తీస్తాము. కాని పక్కవాడు తీసేటప్పుడు తీయము. అతడు ఆగినప్పుడు మేము నిలబెడతాము, మేము ఆగినప్పుడు అతడు" అన్నారు.

ఇంటికి వచ్చి ఆ మాట సంఘములో చెప్పాము. వేసవి సెలవులలో గుడి ఆవరణలోనే మూడు రోజులు పెట్టుకున్నాము. చాపలు, పప్పు, మజ్జిగ, అంతే ఖర్చు. పెద్దలు పిల్లలకు కీర్తనల రాగము, తాళము నేర్పాలి. పిల్లలు పెద్దలకు కొత్త పాటలు నేర్పాలి. ఇదే నియమము.

మొదటి రోజు ఇరుపక్షాలూ ముభావముగానే ఉన్నారు. మూడవ రోజు సాయంత్రము, గుడిలో పాడడము మానేసిన ఒక తాతగారు వచ్చి కుర్రవాళ్ళ మధ్య నిలబడ్డారు. చరణము మధ్యలో ఆయనకు ఊపిరి అందలేదు. పక్కనున్న కుర్రవాడు ఆ స్వరమును పడిపోనివ్వలేదు.

మా పాటలో లోపాలు ఇంకా ఉన్నవి. కాని ఇప్పుడు అందరమూ ఒకే చాపమీద కూర్చుంటున్నాము.