బుస్సుమనే బిళ్లలు, మొకం మీది ముడతలు

మా బీర్పూర్ దిక్కు గల్ఫ్ నుంచి మనిషి దిగాడంటే, పెట్టె విప్పకముందే అందులో ఏమున్నాయో చెప్పొచ్చు. టాంగ్ డబ్బా, యాక్స్ ఆయిల్ సీసాలు, సబ్బులు, ఖర్జూరాలు, పిల్లలకు చాక్లెట్లు. ఈమధ్య వాటి పక్కన ఇంకోటి కూడా కనిపిస్తోంది. నీళ్లలో వేస్తే బుస్సున పొంగే నారింజ రంగు బిళ్లల గొట్టం. దాని మీద కోసిన సంత్ర పండు బొమ్మ, నిగనిగలాడే ఆడపిల్ల మొకం.

మా మరిది పోయినసారి మూడు గొట్టాలు తెచ్చాడు. అవి మా అత్తమ్మకు తెగ నచ్చాయి. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. "సోడా లెక్క మంచిగున్నది బిడ్డా, మొకం గూడ నునుపయితదట" అని మురిసిపోయింది. ఆమె ఎనిమిదేళ్లుగా బీపీ గోలీ వేసుకుంటోంది. కూరలో ఉప్పు తగ్గించానని రోజూ నన్ను సణుగుతుంది కూడా.

ఒకరోజు ఊరికే గొట్టం తిప్పి చిన్న అక్షరాలు చదివాను. ఒక్కో బిళ్లలో సోడియం 280 మిల్లీగ్రాములని ఉంది. ఆలోచిస్తే వింతేమీ లేదు. వంటసోడా మీద నిమ్మరసం పిండితే ఎలా పొంగుతుందో ఈ బిళ్లా అలాగే పొంగుతుంది. ఆ సోడాలోనే సోడియం ఉంటుంది. ఉప్పగా ఉండదు కాబట్టి నాలుకకు తెలియదు. రోజుకు 2000 మిల్లీగ్రాముల లోపే సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండు బిళ్లలతోనే అందులో పావు వంతుకు మించి అయిపోతోంది. కూరలో నేను చిటికెలు లెక్కపెట్టి తగ్గించిన ఉప్పు, గ్లాసులో దర్జాగా తిరిగొస్తోందన్నమాట. జగిత్యాలలో చెకప్‌కు పోయినప్పుడు గొట్టం కూడా తీసుకుపోయి డాక్టరుకు చూపించాను. బీపీ ఉన్నవాళ్లకు ఇవి వద్దే వద్దన్నారు. బస్సులో వస్తుంటే అత్తమ్మ అడిగింది, "మరి మొకమో?" అని.

మంచి ప్రశ్నే. ఆ ప్రశ్న పట్టుకుని నేను చదివింది చాలానే ఉంది.

కోసిన వంకాయ ముక్కలు గాలికి నల్లబడతాయి కదా. ఆపిల్ ముక్కలూ అంతే. వాటి మీద నిమ్మరసం చల్లితే నల్లబడటం ఆగుతుంది. అందులోని పులుపు పని కొంత, సి విటమిన్ పని కొంత. ఒంట్లోనూ ఎండకూ పొగకూ ఇలాంటి పాడే జరుగుతుంటుంది. దాన్ని అడ్డుకునేవాటినే యాంటీఆక్సిడెంట్లు అంటారు. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొలాజెన్ పోగులు సరిగ్గా పేనుకోవాలంటే సి విటమిన్ ఉండాల్సిందే. అది బొత్తిగా లేకపోతే చిగుళ్లు నెత్తురు కారతాయి, పుండ్లు మానవు. ఇంతవరకూ డబ్బా మీద రాసిందాంట్లో అబద్ధం లేదు.

తేడా అంతా "ఎంత" అన్నదగ్గరే వస్తుంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 65 మిల్లీగ్రాముల సి విటమిన్ చాలు, మగవాళ్లకు 80. బిళ్లలోనేమో 1000. ఒంటికి సరిపడా అందాక మిగిలినది మూత్రంలో పోతుంది. అసలు అంత మోతాదు ఒక్కసారి మింగితే పేగులు మొత్తం పీల్చుకోలేవు. లోపం ఉన్న మనిషికి బిళ్ల పనిచేస్తుంది. బాగానే తింటున్న మనిషికి రెట్టింపు మింగితే రెట్టింపు నిగారింపు రాదు.

ఇంకో తమాషా. సి విటమిన్ అంటే అందరికీ నిమ్మకాయే గుర్తొస్తుంది గానీ, ఒక చిన్న నిమ్మకాయ రసంలో పది పన్నెండు మిల్లీగ్రాములకు మించి ఉండదు. సంత్ర, బత్తాయి వంద గ్రాములకు యాభై దరిదాపు. మన పెరట్లో చిలకలు కొరికి పడేసే జామకాయలో వంద గ్రాములకు 200 పైనే! ఉసిరికాయ దానికన్నా ఎక్కువ. ఈ విటమిన్ మీద పనిచేసినందుకు 1937లో నోబెల్ అందుకున్న హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి, దాన్ని కుప్పలుగా తీసింది నారింజల్లోంచి కాదు, వాళ్ల ఊరి మిరపకాయల్లోంచి. ఇది చదివినప్పుడు మా పచ్చిమిర్చి తొక్కు మీద నాకు గౌరవం పెరిగింది.

క్యాప్సూల్ డబ్బాల మీద "సిట్రస్ బయోఫ్లేవనాయిడ్స్" అని ఇంకో పెద్ద మాట ఉంటుంది. అందులో ముఖ్యమైనది హెస్పెరిడిన్. అదెక్కడుంటుందో తెలుసా? బత్తాయి వలిచేటప్పుడు మనం గిల్లి పారేసే తెల్లటి పొరలో, తొక్కలో. దాని మీద పరిశోధనలు జరుగుతున్నాయి గానీ, మింగితే ముడతలు పోతాయని ఒట్టేసి చెప్పేంత రుజువు నాకెక్కడా కనబడలేదు. ఆ తెల్లపొర కాస్త ఉంచుకుని తినండి, డబ్బులు మిగులుతాయి.

పోనీ, లాభం లేకున్నా నష్టమైతే లేదు కదా అంటారు మా ఇంట్లోవాళ్లు. ఉంది. స్వీడన్‌లో వేలమంది మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2013లో ఒక ఫలితం ప్రకటించారు. సి విటమిన్ బిళ్లలు వాడేవాళ్లలో కిడ్నీలో రాళ్లు దాదాపు రెట్టింపుగా కనిపించాయట. ఎడారి ఎండలో నీళ్లు చాలక రాళ్లు తెచ్చుకుని, ఒకసారి నొప్పితో మెలికలు తిరిగిన మా మరిది, అదే బిళ్ల తనూ తాగుతూ మాకూ తెస్తున్నాడు! ఫోన్‌లో గట్టిగానే చెప్పాను. ఇక ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన పరీక్ష ఉంది. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ బిళ్లలు ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందనుకున్నారు. 1994లో లెక్క తీస్తే 18 శాతం పెరిగింది. పండులో ఉన్నప్పుడు మంచిదైనది బిళ్లలోకి వస్తే అలాగే ఉంటుందని నమ్మకం లేదు.

మా ఊళ్లో మొకాల్ని ముదరబెట్టేది ఎండే. నాట్లప్పుడు మడిలో నీళ్ల మీద పడి పైకి కొట్టే ఎండ మరీ చెడ్డది. కొంగు నెత్తిన కప్పుకున్నా కింది నుంచి తగులుతుంది. నిండు చేతుల జాకెట్టు, వెడల్పు టోపీ ఏ బిళ్లకన్నా నయం. నిమ్మచెక్క మొకానికి రుద్దుకుని చేనుకు పోవడం మాత్రం వద్దు. ఆ రసం ఎండతో కలిసి బొబ్బలు లేపుతుంది, మచ్చలు నెలల తరబడి పోవు.

ఇదంతా మొన్న మా ఇంటెదురు చెల్లెకు చెప్పాను. బీడీలు చుట్టే మనిషి. పదమూడు వందలు పెట్టి నెలకు సరిపడా క్యాప్సూళ్లు తెప్పించుకోవాలని ఫోన్‌లో బొమ్మ చూపించింది. ఎన్ని వేల బీడీలు చుడితే పదమూడు వందలవుతాయో నాకన్నా తనకే బాగా తెలుసు. జామకాయ సంగతి చెప్పాను, డబ్బా మీద "మందుగా వాడటానికి కాదు" అని ఇంగ్లీషులో రాసిన ముక్క చదివి వినిపించాను. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ అంతా విన్నది.

"నువ్వు చెప్పింది నిజమే అక్కా. మా ఆయన మూడేండ్లకు వస్తున్నడు, వచ్చే నెల. వీడియో కాల్ల ఏమన్నడో ఎరుకేనా? గట్లెందుకు ముసల్దానివయినవే అన్నడు."

తనకు ముప్పై నాలుగు. దబారున నాకు మాట రాలేదు. కాసేపయ్యాక అడిగాను, ఆయన మొకం ఎలా ఉందని.

కత్తెర ఆపి ఫక్కున నవ్వింది. "మా మామ లెక్కనే అయిండు."