మైకు గుణం కాదు

పాడేరు వైపు కొండల్లో మా ఊరు. మా మామ దగ్గర ఒక మైకుసెట్టు ఉండేది. ఇటుకల పండగైనా, పెళ్ళైనా, బడిలో ఆగస్టు 15 అయినా ఆ మైకే. రెండు గొట్టం మైకులు, ఒక స్టాండు మైకు, ఒక బరువైన ఇనప పెట్టె. పెట్టెలో ఎర్రగా వెలిగే గాజు వాల్వుల్ని చూడ్డానికి పిల్లలమంతా దాని వెనక చేరేవాళ్ళం.

ఆ మైకు ముట్టుకుంటే కొట్టేది. పాడేవాళ్ళు దానికి రుమాలు చుట్టి పట్టుకునేవారు. మా బడి మాష్టారు కూడా రుమాలు చుట్టే జెండా పండగ నాడు మాట్లాడేవారు. ఎందుకు కొడతాదని ఒకసారి మామని అడిగాను. "అది మైకు గుణంరా అల్లుడూ" అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు. ఊళ్ళో ఎవరూ అడగలేదు.

తరవాత డీజే బాక్సులొచ్చాయి. మామ పెట్టె అటకెక్కింది. నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, మండల కేంద్రంలో టీవీలు, మిక్సీలు బాగుచేసుకుంటున్నాను.

మూడేళ్ళ కిందట మా అన్న కొడుకు పాత ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కొన్నాడు. చర్చిలో మామూలు గిటారు నేర్చుకున్న కుర్రాడు. ఆంప్లిఫయర్ కొనడానికి డబ్బుల్లేవు. తాతనడిగి ఆ పెట్టె దించుకుని, నాకు చెప్పకుండా కరెంటు పెట్టాడు. వానాకాలం. ఒట్టి కాళ్ళు. అలికిన మట్టి నేల ఇంకా తడిగా ఉంది. గిటారు పట్టుకోగానే వేళ్ళు తీగల మీదే బిగుసుకుపోయాయి. మా వదిన ఎండు కర్రతో వైరుని కొట్టి ప్లగ్గు ఊడగొట్టింది. వాడు బతికాడు.

ఆ సాయంత్రం మామ వచ్చి పెట్టెని గెడ్డలో పారెయ్యమన్నాడు. నాకు ఒక వారం టైమియ్యి మామా అన్నాను.

కప్పు విప్పగానే కారణం కనబడింది. పెట్టెకి వచ్చేది రెండు తీగల వైరు, రెండు పిన్నుల ప్లగ్గు. ఎర్త్ లేదు. మెయిన్స్ తీగ నుంచి ఇనప షాసీకి ఒక చిన్న కండెన్సర్ కలిపి ఉంది. గరగర శబ్దం తగ్గడానికి పాతకాలంలో అలా పెట్టేవారు. అది పాడైతే కరెంటు నేరుగా షాసీకి వస్తుంది. అమెరికా మెకానిక్కులు దానికి మృత్యు కండెన్సర్ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. గిటారు తీగలూ, మైకు ఒళ్ళూ షాసీకే కలిసి ఉంటాయి. షాసీకి కరెంటొస్తే వేళ్ళకి వచ్చినట్టే. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ అనే బృందం గిటారిస్టు లెస్ హార్వే, ఎర్త్ సరిగా లేని మైకుని తాకి వేదిక మీదే చనిపోయాడు. పెద్ద ఊళ్ళోనైనా కొండ మీదైనా కరెంటు దారి ఒక్కటే.

ఆ కండెన్సర్ని కోసేశాను. మూడు తీగల వైరు వేసి, ఎర్త్ తీగని షాసీకి బోల్టుతో బిగించాను. కానీ మా ఇళ్ళలో మూడో పిన్ను దేనికీ కలిసి ఉండదు. అందుకని నేనూ కుర్రాడూ స్నానాల నీళ్ళు పోయే చోట గొయ్యి తవ్వాం. రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేశాం. ఆ పనికే రెండు రోజులు పట్టింది. రాయి తగిలిన ప్రతిసారీ వాడు "ముందు గిటారు సంగతి చూడు చిన్నాన్నా" అనేవాడు. గొయ్యి అయ్యాకే గిటారు అన్నాను.

ఆ తరవాత పెట్టెని సీరీస్ బల్బు మీద పెట్టాను. లోపల షార్టు ఉంటే బల్బు బాగా వెలుగుతుంది, పెట్టె కాలిపోదు. బల్బు మొదట వెలిగి మందగించింది. నయమే. కానీ స్పీకరులో గుయ్‌మని మోత. ఒక పెద్ద వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలుతోంది. మోతకి కారణం ఎండిపోయిన ఫిల్టర్ కండెన్సర్లు. వాల్వు కాలడానికి కారణం దాని ముందున్న చిన్న కండెన్సర్ కారడం. గ్రిడ్ మీద సున్నా ఉండాల్సిన చోట మీటరు 14 వోల్టులు చూపించింది. అన్నీ కలిపి కొత్తవి వేస్తే ఒక బిర్యానీ ఖర్చు. వాల్వులు మాత్రం అవే ఉంచాను. ఒకప్పుడు బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు చేసేది. ఇప్పుడు రష్యా, చైనా, స్లొవేకియాల నుంచి తెప్పించుకోవాలి.

ఇక్కడ ఒక మాట. లోపల 400 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు తీసేసినా కండెన్సర్లలో అది నిలిచి ఉంటుంది. రెసిస్టర్‌తో దించి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ఎవరూ ఇది విప్పొద్దు.

ఇక గిటారు. మాటల కోసం చేసిన పెట్టెలో గిటారు గొంతు మూసుకుపోయినట్టు వచ్చింది. గిటారు పికప్ చాలా సన్నటి సిగ్నల్ ఇస్తుంది, దాన్ని లాగెయ్యకుండా వినే ఇన్‌పుట్ కావాలి. మైకు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టి, 1 మెగా ఓమ్ రెసిస్టర్‌తో గిటారుని నేరుగా మొదటి వాల్వుకి ఇచ్చాను. 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ ఉన్న చోట 0.022 వేస్తే బురద లాంటి బేస్ తగ్గింది. గొట్టం మైకు తీసేసి 12 అంగుళాల స్పీకరు పెట్టాను. స్పీకరు లేకుండా వాల్వు ఆంప్లిఫయర్ ఎప్పుడూ ఆన్ చెయ్యకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఒకసారి ఒక్కటే మార్చాం. మార్చిన ప్రతిదీ కుర్రాడు నోటుపుస్తకంలో రాశాడు.

సౌండు పెంచితే గొంతు పగిలినట్టయింది. పాడైందేమోనని వాడు భయపడ్డాడు. అప్పుడు వాడికి లింక్ రే గురించి చెప్పాను. అమెరికాలో తనది షానీ తెగ రక్తమని చెప్పుకున్న గిటారిస్టు. 1958లో రికార్డయిన తన "రంబుల్" కోసం స్పీకరు కాగితానికి పెన్సిలుతో చిల్లులు పొడిచి ఆ పగిలిన గొంతు రప్పించాడు. అందులో ఒక్క మాట కూడా లేదు. అయినా కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వెయ్యమన్నాయి. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో కూడా ఒక ఫెండర్ ఆంప్లిఫయర్‌ని చూసి, అక్కడ దొరికే సామానుతో తమది చేసుకున్నారు. వాళ్ళూ చేసింది మనం చేసిందే అన్నాను. ఆ రాత్రి వాడు గిటారు వదల్లేదు.

తరవాతి ఇటుకల పండగకి ఆ పెట్టెని చావడి దగ్గర పెట్టాం. ఎర్త్ తీగ అక్కడిదాకా లాగాం. తుడుము, కిరిడి, మోరి ఒకవైపు, గిటారు ఒకవైపు. తుడుముని మించి సౌండు పెట్టొద్దని పెద్దోళ్ళు ముందే చెప్పారు. వాల్వు పెట్టెకి అది సరిపోయింది. డీజే బాక్సుకైతే ఆ మాట చెప్పలేం.

మామని పాడమన్నాం. ఆయన మైకు దగ్గరకెళ్ళి, అలవాటుగా భుజం మీది తువ్వాలు తీసి చుట్టబోయాడు. "అక్కర్లేదు తాతా" అన్నాడు కుర్రాడు. మామ ముందు చేతి వెనక వైపుతో తాకి చూశాడు. మళ్ళీ తాకాడు. తరవాత గట్టిగా పట్టుకున్నాడు. నా వైపు తిరిగి, "అయితే ఇన్నాళ్ళూ అది గుణం కాదేటిరా?" అన్నాడు. మైకులోంచి ఊరంతా విన్నారు.

మన బడుల్లో, హాస్టళ్ళలో ముట్టుకుంటే కొట్టే స్విచ్చిబోర్డులు, నీళ్ళ మోటార్లు ఇంకా ఉన్నాయి. పిల్లలు ఎందుకు అని అడుగుతారు. మాష్టార్లకి నా మనవి ఒక్కటే. కారణం తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలిసినవాణ్ణి పిలిపించండి. దాని గుణం అని మాత్రం అనొద్దు.