దారి ప్రక్కన పొయ్యి

క్రిస్మసు, నూతన సంవత్సరపు పనులు ముగిసి, సంక్రాంతికి బడులు మూసే రోజులు ప్రయాణమునకు మంచి సమయము. వానలు ఉండవు, ఎండ ముదరదు. గుంటూరు నుండి నరసరావుపేట మీదుగా వినుకొండ వైపు సాగితే దారికి ఒక ప్రక్క పత్తి చేలు, మరొక ప్రక్క మిరప చేలు. ముందుగా కోతకు వచ్చిన మిరప అప్పటికే కల్లాలలో ఎర్రగా పరచి ఉంటుంది. బస్సు కిటికీ తెరిస్తే ఘాటు గొంతుకు తగులుతుంది. ఈ ప్రాంతములో పుట్టి పెరిగిన మనలో చాలామందిమి ఈ దారిని కునికిపాట్లు పడుతూ దాటినవారమే. ఈసారి దిగి, నిలబడి, అక్కడే వండుకొని తిని చూద్దామని మా సంఘములోని మూడు కుటుంబములవారము అనుకొన్నాము.

అమెరికా, ఇంగ్లండు వంటి దేశములలో కారు వెనుక ఇల్లు వంటి బండిని తగిలించుకొని కుటుంబమంతా ఊళ్ళు తిరుగుతారు. ఇంగ్లండులో ఆ బండిని క్యారవాన్ అంటారు. ఆగిన చోట చిన్న గ్యాసు పొయ్యి మీద జాలీ పెట్టి మాంసము, చేపలు కాల్చుకొంటారు. ఆరుబయట వంట మనకు కొత్త సంగతి కాదు. మన తాతలు ఎడ్లబండిలో బియ్యము, చింతపండు, కుండలు వేసుకొని పెళ్ళిళ్ళకు, సభలకు వెళ్ళేవారు. నీడ, నీరు ఉన్న చోట ఎడ్లను విప్పి మూడు రాళ్ళు పెట్టేవారు. నేటికీ టూరిస్టు బస్సులో వంటవారిని, గుండిగలను వెంటబెట్టుకొని వెళ్ళే బృందములు మనకు దారిలో కనబడుతూనే ఉంటాయి. మారినదల్లా కట్టెల చోట గ్యాసు రావడమే.

మేము పద్నాలుగు మందిమి. ఒక టెంపో ట్రావెలరును అద్దెకు మాట్లాడుకొన్నాము. వంట సామాను ఎక్కువేమీ లేదు. 5 కిలోల సిలిండరు, రెండు పొయ్యిల స్టవ్వు, ఇనుప జాలీ, రెండు పెద్ద గిన్నెలు, మూకుడు, పెనము, 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు, గాలికి అడ్డము పెట్టడానికి చదును చేసిన నూనె డబ్బా రేకులు. 5 కిలోల సిలిండర్లను 2013 నుండి కొన్ని పెట్రోలు బంకులలో కూడా అమ్ముతున్నారు. గుర్తింపు కార్డు చూపితే ఇస్తారు. ఇండియన్ ఆయిల్ వారు 2020లో తమ చిన్న సిలిండరుకు ఛోటు అని పేరు పెట్టారు. పెద్ద మంట మీద ఒక పొయ్యి గంటకు సుమారు 200 గ్రాముల గ్యాసు తీసుకొంటుంది. ఆ లెక్కన ఒక సిలిండరు 25 గంటలు మండుతుంది. మూడు రోజుల ప్రయాణమునకు ఇది ధారాళముగా సరిపోతుంది. ఇంట్లో వాడే, 14.2 కిలోల గ్యాసు పట్టే బరువైన సిలిండరును మోయవలసిన పని లేదు.

నరసరావుపేట దాటిన తరువాత ఒక బోరుబావి దగ్గర చింతచెట్టు కనబడగానే బండి ఆపాము. పొయ్యి దించకముందే మాలో పెద్దవారు కల్లంలో ఉన్న రైతును అడగడానికి వెళ్ళారు. ఆయనకు డెబ్బై ఏళ్ళు ఉండవచ్చు. తలగుడ్డ తీసి భుజాన వేసుకొని ఇలా అన్నారు: "వండుకోండి బాబూ, దానికేముంది? కానీ కల్లానికి ఇటు పక్క వద్దండి. గాలి ఇటే తిరిగింది. మా ఏడాది కష్టమంతా ఇక్కడే పోసి ఉంది."

ఆ మాటలో ఎంత అర్థమున్నదో కల్లము చూసినవారికే తెలుస్తుంది. కోసిన కాయ ఎండడానికి పది పదిహేను రోజులు పడుతుంది. అన్ని రోజులూ అది ఆరుబయటనే ఉంటుంది. రైతు రాత్రి అక్కడే మంచము వేసుకొని పడుకొంటాడు. ప్రక్క చేలో తీసిన పత్తి పట్టల మీద కుప్పగా ఉంటుంది. పత్తికి నిప్పు అంటితే పైమంట ఆరినా లోపల గంటల తరబడి రగులుతూనే ఉంటుంది. కౌలు డబ్బు, విత్తనాల అప్పు, మందుల కొట్టు బాకీ, పిల్లల ఫీజులు అన్నీ ఆ రెండు కుప్పలలోనే ఉన్నాయి. ఊరికి ఫైరింజను రావాలంటే పట్టణము నుండి రావాలి. కాబట్టి పత్తి, మిరప నేలలో ఆరుబయట వెలిగించే పొయ్యి మన ఒక్కరి సొంత విషయము కాదు. చుట్టుప్రక్కల చేలవారందరికీ అందులో జవాబు చెప్పవలసినవారము మనమే.

ఆ పెద్దాయన చూపిన చోట, బోరు నీళ్ళు పారి తడిసిన నేల మీద స్టవ్వు పెట్టుకొన్నాము. రేకులను స్టవ్వుకు మూడు ప్రక్కల నిలబెట్టి, సిలిండరును మాత్రము రేకుల అవతల నిటారుగా ఉంచాము. సిలిండరుకు వేడి తగలకూడదు. ఒక బిందెడు నీళ్ళు, ఒక తడి గోనెసంచి ప్రక్కనే పెట్టుకొన్నాము. రబ్బరు గొట్టము బిగింపులకు సబ్బు నురుగు రాసి బుడగలు రావడము లేదని చూసుకొన్న తరువాతే వెలిగించాము. అగ్గిపుల్లతో గ్యాసును పరీక్షించడము ప్రాణము మీదికి తెచ్చుకొనే పని.

కోడి ముక్కలకు ఉప్పు, పసుపు, కారము, అల్లం వెల్లుల్లి, నిమ్మరసము ఉదయము ఇంటి వద్దనే పట్టించి క్యారియరులో తెచ్చాము. జాలీ మీద సన్న మంటపై తిప్పుతూ కాల్చాము. రెండవ పొయ్యి మీద అన్నము వండి, ఆ తరువాత అదే పొయ్యి మీద వంకాయలు, టమాటాలు కాల్చి పచ్చడి నూరుకొన్నాము. కాల్చే వంటకు గ్యాసు ఎందుకు, చుట్టూ పత్తి కట్టె, మిరప కట్టె ఉన్నాయి కదా అని మా యువకులు అడిగారు. దానికీ ఆ రైతే జవాబు చెప్పారు. ఆ మొక్కలకు పంటకాలమంతా పురుగుమందులు కొడతారు. ఆ కట్టె పొగ తగిలేలా మాంసము కాల్చుకోవడము మంచిది కాదు. పైగా దాని రవ్వలు గాలికి ఎగురుతాయి.

ఆయన మాతో కూర్చుని భోజనము చేశారు. తేజ రకము ఘాటు ఎక్కువని, 334 రకము గుంటూరు ప్రక్కనున్న లాం పరిశోధనా కేంద్రము నుండి వచ్చినదని పిల్లలకు చెప్పి, రెండు కాయలనూ చేతిలో పెట్టి తేడా చూపించారు.

ఆ చేను గట్టు మీదనే మరికొన్ని పొయ్యిలు ఉన్నాయి. నీలి పట్టలు కప్పిన పది పన్నెండు గుడిసెలు, ప్రతి గుడిసె ముందు మూడు రాళ్ళు. మిరపకాయలు కోయడానికి కర్నూలు జిల్లా పడమటి మండలముల నుండి వచ్చిన కుటుంబములవి. అక్కడ వానలు సరిగా పడవు, ఖరీఫ్ పంట అయిపోతే పని ఉండదు. అందుచేత ప్రతి సంవత్సరము డిసెంబరు, జనవరి మాసములలో లారీలు, ట్రాక్టర్లు మాట్లాడుకొని బియ్యము, జొన్నలు, గిన్నెలు, పసిపిల్లలతో సహా గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతములకు తరలి వస్తారు. కోత ముగిసేవరకు చేలగట్లే వారి ఊళ్ళు.

ఒక తల్లి పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తట్టుతూ ఉన్నది. మా ఇంటి ఆడవారు దగ్గరకు వెళ్ళి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు.

"కోసిగి తట్టు అక్కా. కాయ అయిపోయేదాకా ఈడే ఉంటాం."

"పిల్లలకు సంక్రాంతి సెలవులా?"

ఆమె నవ్వి ఊరుకొన్నది. ప్రక్కనున్న ముసలామె చెప్పింది: "మీ పిల్లోళ్ళకు సెలవులమ్మా. మావోళ్ళకు మేము ఊరికి పోయినాకనే బడి."

మా పిల్లలు, వారి పిల్లలు అప్పటికే కలిసి ఆడుకొంటున్నారు. వయస్సు ఒకటే, ఆట ఒకటే. సోమవారము నుండి మా పిల్లలు తరగతిలో కూర్చుంటారు. ఆ పిల్లలలో పెద్దవారు చేలో తట్ట పడతారు, చిన్నవారు గట్టు మీద చెల్లెళ్ళను, తమ్ముళ్ళను ఆడిస్తారు. మేము కాల్చిన కోడి, పచ్చడి వారికి పంపితే, వారు వేడి జొన్నరొట్టెలు, ఉల్లికారము ఇచ్చారు. తీసుకొనేవరకు ఊరుకోలేదు. మూడు రోజుల ప్రయాణములో మేము తిన్న వాటిలో ఆ రొట్టెల రుచి వేరు.

ఆ సాయంత్రము వినుకొండ, మార్కాపురము దాటి కంభము చేరాము. విజయనగర రాజుల కాలములో రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి నిర్మించిన చెరువు అది. ఇన్ని శతాబ్దములు గడిచినా ఇంకా పొలములకు నీరిస్తున్నది. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తింపు వచ్చింది. తెల్లవారి గట్టు దిగువన ఉప్మా, టీ చేసుకొన్నాము. కొండల మధ్య గాలి వడిగా వీస్తుంది. రేకులు లేకపోతే సగము గ్యాసు గాలికే పోయేది.

అక్కడి నుండి పొదిలి మీదుగా ఒంగోలు వచ్చాము. కంభములో చూసిన గుండ్లకమ్మే ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర మళ్ళీ ఎదురవుతుంది. 1878 జూలై 3న 2,222 మంది బాప్తిస్మము పొందిన చోటు అది. ఈ సంఖ్య మన పిల్లలకు సండేస్కూలులో తెలుసు. దానికి ముందు జరిగిన సంగతి అంతగా తెలియదు. 1876–78 సంవత్సరముల మహా కరువులో ఒంగోలు మిషనరీ జె. ఇ. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకమును గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలాదిమందికి పని చూపించారు. పల్లెలు విడిచి వచ్చిన కుటుంబములు కాలువ పొడవునా గుడిసెలలో తలదాచుకొని అక్కడే గంజి కాచుకొని తిన్నాయి. మనలో ఎందరి ముత్తాతలు, ముత్తవ్వలు ఆ పొయ్యిల దగ్గర కూర్చున్నారో! కోసిగి తల్లి మూడు రాళ్ళ పొయ్యికి, మన ముత్తవ్వ కాలువ గట్టు పొయ్యికి దూరము ఎక్కువ లేదు. మనకు నేడు వేడుకగా ఉన్న ఆరుబయట వంట ఒకనాడు మన ఇంటివారికి గత్యంతరము లేని బ్రతుకు. నేటికీ కొందరికి అంతే.

మూడవ రోజు చీరాల ప్రక్కన వాడరేవుకు వెళ్ళాము. పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు చందువా చేపలు కొని, గాట్లు పెట్టి కారము, చింతపండు గుజ్జు పట్టించి జాలీ మీద కాల్చుకొన్నాము. రాత్రంతా వల వేసి అలసిన జాలరులు ఇసుకలో కూర్చుని వలలు బాగుచేసుకొంటున్నారు. పునరుత్థానుడైన ప్రభువు సముద్రతీరమున నిప్పుల మీద చేపలు సిద్ధము చేసి అలసిన శిష్యులను భోజనమునకు పిలిచిన సంగతి, యోహాను సువార్త చివరి అధ్యాయములోనిది, అక్కడ చదువుకొన్నాము. అలసి వచ్చినవారి కొరకు వెలిగించిన మంట అది. మా పొయ్యి ప్రక్కన మరి నలుగురికి చోటు చేశాము.

బాపట్ల మీదుగా శనివారము రాత్రికి ఇల్లు చేరాము. మరుసటి ఆదివారము సంఘములో ఈ ప్రయాణమును గురించి చెప్పుకొన్నప్పుడు కోసిగి పిల్లల మాట వచ్చింది. చేలగట్ల మీద కోతకాలము గడిపే పిల్లలు దగ్గరి ఊరి బడిలో కూర్చునేలా ఆ ఊరి ఉపాధ్యాయులను, రైతులను కలిసి అడగడము మన పల్లె సంఘములు చేయగల పని. పలక, బలపము, సాయంత్రము ఒక గంట చదువు చెప్పే యువకులు ఉంటే చాలు, మొదలు పెట్టవచ్చును.

ప్రయాణము చేయదలచిన కుటుంబములకు కొన్ని మాటలు. వంట గ్యాసు గాలికంటే బరువైనది. లీకయితే పైకి పోదు, నేల మీద ప్రాకి పల్లములో నిలుస్తుంది. కాబట్టి బండి లోపల, గుడారము లోపల, గుంటలో పొయ్యి వెలిగించవద్దు. బండిలో సిలిండరును నిలబెట్టి కట్టండి, కిటికీలు తెరచి ఉంచండి. గొట్టము మీద ఐఎస్ఐ గుర్తు, గడువు చూసుకోండి. గ్యాసు వాసన వస్తే 1906 నంబరుకు ఫోను చేయవచ్చును. రైలులో మాత్రము సిలిండరును ఎన్నడూ తీసుకొని వెళ్ళవద్దు. అది చట్టవిరుద్ధము. 2023 ఆగస్టు 26న మదురై స్టేషనులో ఆగి ఉన్న యాత్రికుల పెట్టెలో దొంగతనముగా తెచ్చిన సిలిండరుతో వంట చేయబోగా మంటలు లేచి తొమ్మిది మంది మరణించారు. వారు కూడా మనవలెనే కుటుంబములతో బయలుదేరినవారే.

పొయ్యి పెట్టేముందు పొలము యజమానిని అడగండి. గాలి ఎటు వీస్తున్నదో చూడండి. కల్లమునకు, పత్తి కుప్పకు, గడ్డివామికి దూరముగా ఉండండి. లేచేటప్పుడు వేడి తగిలిన నేల మీద నీళ్ళు చల్లి, ఎముకలు, కాగితములు, ప్లాస్టిక్ సంచులు ఏరి బండిలో వేసుకోండి. బయలుదేరే రోజున మనుష్యులను లెక్కపెట్టి బియ్యము కొలిచిన తరువాత మరొక రెండు కిలోలు వేసుకోండి. తినేవారు దారిలో కలుస్తారు.