బోణీ చేయి

తెల్లవారుతూనే ఝపటాపూర్ వీధి ప్రక్కన కూరగాయల గోనెలు పరుచుకొంటాయి. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఈ పేటలో తెలుగు, బెంగాలీ, హిందీ కలగలిసి వినిపిస్తాయి. 20వ శతాబ్ది ఆరంభంనుండి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని వెదుక్కొంటూ ఉత్తరాంధ్రనుండి ఎన్నో కుటుంబాలు ఈ పట్టణానికి వచ్చాయి. వారు వెంట తెచ్చుకొన్న ఒక మాటకు ఇక్కడి అంగడిలో తర్జుమా అక్కరలేకపోయింది. అది బోణీ. హిందీవారు బోహ్నీ అంటారు, బెంగాలీలు బౌని అంటారు.

బోణీ అంటే ఆనాటి తొలి అమ్మకం. నిఘంటువు అంతటితో ఊరుకొంటుంది; అంగడి ఊరుకోదు. బోణీవేళ అరువు అడగరాదు. వచ్చిన తొలి బేరాన్ని పోనిచ్చుకోవడానికి వర్తకునికి మనసొప్పదు. నాలుగు రూపాయలు తగ్గించి అయినా ఇస్తాడు. అందిన సొమ్మును కళ్ళకద్దుకొని పెట్టెలో వేస్తాడు. ఆటల పోటీలో ఒక జట్టు తొలిసారి గెలిస్తే పత్రికలు సైతం 'బోణీ కొట్టింది' అని వ్రాస్తాయి.

అయితే మంచి చేయి ఉన్నదని నమ్మినప్పుడు చెడ్డ చేయి కూడా ఉన్నదని నమ్మవలసి వస్తుంది. ఆ నింద తరచు భర్తను పోగొట్టుకొన్న స్త్రీ మీదనే పడుతూ వచ్చింది.

ఒకనాటి ఉదయం అటువంటి స్త్రీ ఒకతె సంచితో వచ్చి, గోనెకు దూరంగా నిలబడింది. మరెవరైనా ముందు కొంటే తరువాత కొనవచ్చునని ఆమె ఉద్దేశం. వంకాయలు పేర్చుకొంటున్న ముసలమ్మ తల ఎత్తి చూసింది.

"వదినా, అక్కడే నిలబడిపోనావేటి? రా, బోణీ చెయ్యి."

"నా చేత్తోనా?"

"మరెవరి చేత్తో? ఇన్నేళ్ళూ నా కాడ కొన్నది ఈ చెయ్యే గదా!"

ఆమె అరకిలో వంకాయలు ఏరుకొన్నది. బేరమాడలేదు. ముసలమ్మ నోటు అందుకొని, ఎప్పటివలెనే కళ్ళకద్దుకొని, బొడ్డుసంచిలో దోపుకొన్నది.

ఆ పూట అమ్మకం బాగున్నదో లేదో ఎవరూ లెక్క చూడలేదు. మరునాడు మాత్రం ఆ స్త్రీ దూరాన ఆగలేదు. తిన్నగా వచ్చి గోనె ముందు కూర్చున్నది.