ఒక్క కప్పు కొలత

మా పుట్టింట్లో కాఫీ ఫిల్టరు ఆరుగురి కొలత. స్టీలుది, రెండంతస్తులది. రాత్రి పడుకోబోయే ముందు అమ్మ పై గిన్నెలో పొడి వేసి, గొడుగులాంటి బిళ్లతో అదిమి, మరిగే నీళ్లు పోసి మూత పెట్టేది. తెల్లారేసరికి కింద చిక్కటి డికాక్షన్. అది ఎలా దిగుతుందో నాన్నగారు ఏనాడూ చూడలేదు. ఆయనకు తెలిసిందల్లా అయిదున్నరకు చేతికందే గ్లాసు. స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి కదా, రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే ‘ఏం, లేటు రన్నింగా?’ అని వంటింట్లోకి కేకేసేవారు.

రెండేళ్ల క్రితం అమ్మ పోయింది. విశాఖలో ఆ ఇంట్లో ఇప్పుడు నాన్నగారు ఒక్కరే. హైదరాబాదు వచ్చేయమంటే రారు. వంటమనిషి పదింటికి వస్తుంది, భోజనానికి లోటు లేదు. కాఫీ మాత్రం మానేశారు. డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో, యాభై ఏళ్ల అలవాటు! అడిగితే ‘ఒక్కడి కోసం డికాక్షన్ ఎవరు వేస్తారే’ అన్నారు. అదీ నిజమే. అంత పెద్ద ఫిల్టర్లో రెండు చెంచాల పొడి వేస్తే నీళ్లు పోసినవి పోసినట్టే జారిపోతాయి. ఇన్‌స్టంట్ పొడి సీసా కొనిచ్చి వచ్చాను. మళ్లీ వెళ్లేసరికి గడ్డకట్టి ఉంది.

తాతయ్య అన్న ఆ మాట పట్టుకున్నది మా అబ్బాయి. వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి ఓ ప్లాస్టిక్ గరాటు, కాగితాల కట్ట, బుల్లి త్రాసు తెచ్చాడు. గరాటు పేరు వి60. జపానుకు చెందిన హారియో కంపెనీది. గోడలు 60 డిగ్రీల కోణంలో కలుస్తాయి కాబట్టి ఆ పేరట. అడుగున ఒకటే పెద్ద చిల్లు, లోపల మెలితిరిగిన గట్లు. కాగితం గోడకు అతుక్కుపోకుండా ఆ గట్లు కాస్తాయి. గాలికి దారి దొరికి నీళ్లు సాఫీగా దిగుతాయి. కిందికి సన్నబడే ఆకారం వల్ల కొంచెం పొడి వేసినా లోతుగా నిలుస్తుంది. మా ఫిల్టరు చేయలేని పని సరిగ్గా అదే.

కాగితంలో కాఫీ వడకట్టడం ఓ ఇల్లాలి బుర్రలో పుట్టిన ఆలోచన. జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే ఆవిడ, కాఫీలో మడ్డి తగులుతోందని విసిగి, ఇత్తడి గిన్నెకు మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోంచి బ్లాటింగ్ పేపరు తీసి అందులో పరిచింది. 1908లో దానికి పేటెంటు కూడా సంపాదించింది. మావాడు ఈ కథ చెబితే నాన్నగారు ‘మరి ఆ పిల్లాడి హోంవర్కు సంగతేంటిరా?’ అన్నారు. ఆయన నోట అలాంటి మాట విని చాలా రోజులైంది.

పొడి అరకుది, చికోరీ కలపనిది. ఉద్యోగంలో ఉండగా నాన్నగారు కొత్తవలస-కిరండూల్ లైనులో కొన్నేళ్లు పనిచేశారు. వేసవి జల్లు పడ్డాక కాఫీ తోటలు తెల్లగా పూసి మల్లెల్లా గుబాళించేవని, సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉండేవని ఇప్పటికీ చెబుతారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ అరకు కాఫీని ఏమీ కలపకుండా తాగడం మాత్రం ఆయనకు ఇదే మొదటిసారి!

పదిహేను గ్రాముల పొడి, రవ్వలా పలుకుగా ఉండాలి. నీళ్లు పావు లీటరు. మరిగాక అర నిమిషం ఆగాలి. కాగితాన్ని ముందు వేడినీళ్లతో తడపాలి. పొడి మీద మొదట నలభై మిల్లీలీటర్లు పోసి ఆగితే అది బుడగలు కక్కుతూ ఉబ్బుతుంది. గింజ వేయించినప్పుడు లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడు బయటికొస్తుందన్నమాట. అర నిమిషం తర్వాత మిగతా నీళ్లు సన్నటి ధారగా, గుండ్రంగా తిప్పుతూ పోయాలి. మొత్తం మూడు నిమిషాలు.

ఈ టైముల లెక్క నాన్నగారికి తెగ నచ్చేసింది. పాత డైరీ తీసి ‘రాక’, ‘పోక’ అని గళ్లు గీశారు. సన్నటి ధారకు కొంగమెడ కెటిల్ కొనాలన్నాడు మావాడు. నాన్నగారు లేచి వెళ్లి, అమ్మ దేవుడి గదిలో వాడే ఇత్తడి కొమ్ముచెంబు తెచ్చి, మసిగుడ్డ చుట్టి పట్టుకున్నారు. ధార దారంలా దిగింది. ఎవరం ఏమీ అనలేదు.

పేచీ వచ్చిందల్లా పాల దగ్గరే. ‘పాలు పొయ్యకు తాతయ్యా, రుచి పోతుంది’ అని వీడు. ‘ఇది కషాయంరా’ అని ఆయన. నా ఓటు నాన్నగారికే. చివరికి ఆయనే దారి కనిపెట్టారు. పొడి ఇరవై గ్రాములు, నీళ్లు నూటయాభై మిల్లీలీటర్లే. చిక్కగా దిగుతుంది, పాలు పోసినా నిలబడుతుంది. శాస్త్రం తెలిసినవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. పోనీండి.

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను చేశారు. పక్కింటి మాస్టారు వాకింగ్ నుంచి వస్తూ ఇంటికొస్తానన్నారట. ‘పొడి, నీళ్లు రెండింతలు చేస్తే సరిపోతుంది, తెలుసు. టైము కూడా రెట్టింపు చెయ్యాలా, నాలుగు నిమిషాలు చాలా? మీవాణ్ణి అడిగి చెప్పవే, ఆయన గేటు దగ్గరికి వచ్చేస్తున్నాడు’ అన్నారు.